పొటాషియం: కంచంలో ఎంత, మందుల షాపులో ఎంత

ఎండలు ముదిరాయంటే కర్నూల్లో మా మందుల షాపు కౌంటరు దగ్గర ఒక మాట తరచూ వినిపిస్తుంది. “అన్నా, రాత్రయితే పిక్కలు పట్టుకుంటాండాయి. పొటాషియం బిళ్ళలని ఉంటాయంట కదా, ఒక షీటు ఇయ్యి.” ఇలా అడిగేవాళ్ళలో పత్తికొండ మార్కెట్లో టమోటా దించి వచ్చిన రైతులుంటారు, సి. క్యాంపు రైతు బజారు నుంచి సంచీతో అటే వచ్చిన రిటైర్డ్ టీచర్లూ ఉంటారు. షీటు తీసే ముందు నేను రెండు అడుగుతాను: కిడ్నీలు బాగున్నాయా, బీపీకి ఏ మాత్ర వాడుతున్నారు? కొందరికి విసుగొస్తుంది. బి-కాంప్లెక్స్ అడిగితే ఊరికే ఇచ్చేస్తావు, దీనికెందుకింత విచారణ అంటారు.

విచారణ ఎందుకంటే, బి-కాంప్లెక్స్ కాస్త ఎక్కువైతే మామూలుగా మూత్రం పచ్చగా పోతుంది, అంతే. పొటాషియం ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. తక్కువైనా గుండెకే ప్రమాదం. అందుకే దీన్ని కొనేటప్పుడైనా తినేటప్పుడైనా ఒక వరస ఉంది. ఆ వరసలోనే చెబుతాను. మధ్యలో అడుగు దాటేయకండి, ముఖ్యంగా మొదటిది.

మొదట ఇంట్లో ఉన్న మాత్రల షీట్లన్నీ బయటికి తీయండి

మీవీ, ఇంట్లో పెద్దవాళ్ళవీ అన్నీ టేబుల్ మీద పరచండి. పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరు వదిలేయండి. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదవండి. కళ్ళకు ఆనకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోండి.

టెల్మిసార్టన్, లోసార్టన్, ఓల్మెసార్టన్ లాంటి పేర్లు కనబడితే, లేదా రామిప్రిల్, ఎనాలప్రిల్ లాంటివి కనబడితే, అవి ఒంట్లో పొటాషియాన్ని నిలబెట్టే మందులు. స్పైరోనోలాక్టోన్ అయితే ఇంకా గట్టిగా నిలబెడుతుంది. గుండె జబ్బుకీ, లివర్ జబ్బుతో పొట్టలో నీరు చేరినప్పుడూ దాన్ని ఇస్తారు. ఇవి వాడేవాళ్ళు డాక్టరు రాయకుండా పొటాషియం మాత్ర గానీ సిరప్ గానీ ముట్టుకోకూడదు. మన దగ్గర బీపీకి టెల్మిసార్టన్ ఎంత మంది వాడుతున్నారో ఏ మందుల షాపులో కాసేపు నిలబడినా తెలుస్తుంది. అంటే ఈ హెచ్చరిక ఏ నూటికో ఒకరికి కాదు, ఇంటికొకరికి పనికొచ్చేది.

ఫ్రూసెమైడ్, టోర్సెమైడ్, హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ కనబడితే సంగతి వేరు. ఇవి మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందులు. నీళ్ళతో పాటు సోడియం, పొటాషియం కూడా పోతాయి. పొటాషియం నిజంగా తగ్గేవాళ్ళలో ఎక్కువ మంది వీళ్ళే. ఇక టెల్మిసార్టన్ పక్కనే “హెచ్” అని అక్షరం తగిలించిన మాత్రలున్నాయి. అందులో రెండూ ఉంటాయి, ఒకటి నిలబెడుతుంది, ఒకటి పోగొడుతుంది. మీ ఒంట్లో చివరికి ఏది గెలిచిందో పరీక్షలో తప్ప తెలియదు.

ఇంకో రెండు రకాల మందుల్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. మోకాళ్ళ నొప్పులకు రోజూ మింగే డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కిడ్నీల మీద భారం వేసి పొటాషియాన్ని పెంచగలవు. మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి ఇచ్చే కో-ట్రైమాక్సజోల్ కూడా అంతే. బీపీ మాత్ర, నొప్పి బిళ్ళ, పైన ఇంకో పొటాషియం సిరప్: ఈ మూడూ ఒకే మనిషి సంచీలో ఉంటే నేను సిరప్ వెనక్కి తీసుకుని డాక్టరుకి ఫోన్ చేయమంటాను.

తర్వాత కిడ్నీలు. తిన్న పొటాషియంలో ఎక్కువ భాగాన్ని బయటికి పంపేది అవే. చెరువు తూము పూడిపోయాక మామూలు వానకి కూడా కట్ట తెగినట్టు, కిడ్నీలు దెబ్బతిన్నాక రోజూ తినే తిండిలోని పొటాషియమే ఎక్కువైపోతుంది. షుగరు పదేళ్ళుగా ఉన్నవాళ్ళు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) ఒక్కసారైనా ఎక్కువ వచ్చినవాళ్ళు, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు కింద తిండి గురించి చెప్పే భాగాన్ని తమకు కాదనుకోవాలి. వాళ్ళ కోసం విడిగా చెబుతాను.

పిక్కలు పట్టేస్తే పొటాషియమే అనుకోకండి

ఇది మన సీమలో బాగా పాతుకుపోయిన నమ్మకం. ఏప్రిల్, మే నెలల్లో 43, 44 డిగ్రీల ఎండలో చేనుకాడ పనిచేసినవాళ్ళకి పిక్కలు పట్టేయడం మామూలే. కానీ చెమటలో పోయేది ముఖ్యంగా నీళ్ళూ ఉప్పూ, అంటే సోడియం. పొటాషియం పోయేది దానితో పోలిస్తే చాలా తక్కువ. లీటరు చెమటలో పోయే పొటాషియం ఒక చిన్న అరటిపండుతో తిరిగి వచ్చేస్తుంది. అందుకని ఎండకి పట్టేసిన పిక్కలకు ఉప్పేసిన మజ్జిగ, ఉప్పేసిన గంజి, లేదా ఓఆర్‌ఎస్ తాగి నీడన కూర్చుంటే చాలావరకు సర్దుకుంటుంది. రాత్రిపూట ముసలివాళ్ళకి పట్టేసే పిక్కలకి కారణాలు వేరే బోలెడుంటాయి, చాలాసార్లు కారణమే దొరకదు.

ఓఆర్‌ఎస్ అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కొలతల ప్యాకెట్. లీటరు నీళ్ళకి ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు. ప్యాకెట్ వెనక ఈ అంకెలున్నాయో లేదో చూసి కొనండి. రంగు రంగు డబ్బాల్లో తియ్యగా అమ్మే డ్రింకులు ఓఆర్‌ఎస్ కావు. ఆ పేరు వాటి మీద వాడొద్దని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశం ఇచ్చింది, హైదరాబాద్‌లో ఒక పిల్లల డాక్టరమ్మ ఏళ్ళ తరబడి పట్టుబట్టి పోరాడాక. ఇంకో సంగతి, లీటరు ప్యాకెట్‌ని గ్లాసు నీళ్ళలో కలిపి తాగేవాళ్ళున్నారు. అది మేలు కాదు, కీడు. ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళలో కలిపి, రోజంతా కొంచెం కొంచెం తాగాలి.

వాంతులు, విరేచనాలు రెండు మూడు రోజులు సాగితే మాత్రం పొటాషియం నిజంగానే పడిపోతుంది. అప్పుడు మనిషి లేవలేడు, కాళ్ళూ చేతులూ బరువెక్కుతాయి, పొట్ట ఉబ్బుతుంది, గుండె దడదడలాడుతుంది. చిక్కేమిటంటే, పొటాషియం ఎక్కువైనా ఇదే నీరసం, ఇదే గుండె దడ. లక్షణాలు చూసి ఎటువైపో చెప్పగలనని ఎవరైనా అంటే నమ్మకండి, నేను చెప్పినా సరే.

రక్త పరీక్ష చేయించుకోండి, చేతిని గట్టిగా పిడికిలి బిగించకండి

ల్యాబ్‌లో “సీరమ్ ఎలక్ట్రోలైట్స్” అని అడగండి. సోడియం, పొటాషియం, క్లోరైడ్ మూడూ వస్తాయి. దాంతో పాటు క్రియాటినిన్ కూడా రాయించుకోండి, అది లేకుండా పొటాషియం అంకెకి అర్థం సగమే.

మామూలుగా పొటాషియం 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. కొలమానం మిల్లీమోల్ అని రాసినా మిల్లీ ఈక్వివలెంట్ అని రాసినా పొటాషియానికి అంకె ఒకటే. 3.5 కి కొంచెం తక్కువ, అంటే 3.3, 3.4 ఉంటే చాలామందికి కారణం కనుక్కుని తిండితోనో మందు మార్చో సరిచేస్తారు. 3 కంటే దిగితే మందు తప్పదు. 2.5 కంటే దిగినా, 6 దాటినా అదే రోజు ఆసుపత్రిలో ఉండాలి. “రేపు చూద్దాంలే” అనుకునే అంకెలు కావవి.

రక్తం తీసేటప్పుడు పట్టీ బిగించి, పిడికిలి తెరిచి మూసి అని పదిసార్లు చేయిస్తారు కొందరు. దానివల్ల కండరాల్లోంచి పొటాషియం బయటికొచ్చి అంకె ఉత్తుత్తిగా పెరుగుతుంది. సిరంజితో గట్టిగా లాగినా, శాంపిల్ ఎక్కువ సేపు నిలవున్నా రక్తకణాలు పగిలి అదే జరుగుతుంది. ఒంట్లోని పొటాషియంలో 98 శాతం కణాల లోపలే ఉంటుంది, రక్తంలో తేలేదానితో కలిపి బయట ఉండేది మిగిలిన రెండు శాతమే. కొద్ది కణాలు పగిలినా అంకె మారిపోయేది అందుకే. రిపోర్టు కింద “హీమోలైజ్డ్” (రక్తకణాలు పగిలాయి) అని రాసి ఉంటే భయపడకముందు మళ్ళీ రక్తం ఇవ్వండి. కానీ అంకె 6 దాటితే అది నిజమో అబద్ధమో ఇంట్లో కూర్చుని తేల్చుకోవద్దు. ఆసుపత్రికి వెళ్ళి ఈసీజీ తీయించుకుని, అక్కడే రెండోసారి రక్తం ఇవ్వండి.

పొటాషియం మందు ఎంత తాగినా పెరగకపోతే డాక్టరుని మెగ్నీషియం సంగతి అడగండి. మెగ్నీషియం తక్కువైతే పొటాషియం నిలవదు, మూత్రంలో పోతూనే ఉంటుంది. రోజూ మద్యం తాగేవాళ్ళకీ, గ్యాస్ మాత్ర పాంటోప్రజోల్ ఏళ్ళ తరబడి మింగేవాళ్ళకీ ఇది జరుగుతుంటుంది.

కిడ్నీలు బాగుంటే, కంచం సరిచేయండి

పెద్దవాళ్ళకి రోజుకి 3,500 మిల్లీగ్రాముల పొటాషియం కావాలని మన జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంకె కూడా దాదాపు అదే, 3,510. ఉప్పు తగ్గించి పొటాషియం పెంచితే బీపీ తగ్గుతుంది, పక్షవాతం ముప్పు తగ్గుతుంది. ఇది ఎన్నో ఏళ్ళుగా తేలిన విషయమే.

పొటాషియం అనగానే అందరి నోటా వచ్చేది అరటిపండు. పులివెందుల, లింగాల, పుట్లూరు, నార్పల వైపు తోటలు చూసినవాళ్ళకి ఇంకో లంకె కూడా తెలుసు. అరటి మొక్క అంతలేసి పొటాష్ బస్తాలు తాగుతుంది, కాబట్టి పండు నిండా పొటాషియమే అని. నిజమే, జీ-9 రకం అరటిపండు ఒకటి తింటే సుమారు 400 మిల్లీగ్రాములొస్తుంది. (ఎరువు బస్తాలో ఉన్నదీ పొటాషియం క్లోరైడే కదా అని ఒకాయన నన్ను అడిగాడు. పేరు ఒకటే. కానీ అది భూమికి తయారుచేసింది, నోట్లో వేసుకునేది కాదు.) అయితే అరటిపండుతోనే 3,500 చేరాలంటే రోజుకి తొమ్మిది పండ్లు తినాలి. అంత అవసరం లేదు, ఎందుకంటే అసలు నిల్వ మన పప్పు కుండలో ఉంది.

కందిబేడలు, పెసలు, ఉలవలు, అలసందలు ఏవైనా వంద గ్రాముల్లో వెయ్యి మిల్లీగ్రాములు అటూ ఇటూ పొటాషియం ఉంటుంది. తోటకూరలో వందకి సుమారు 600, మునగాకులో 350 నుంచి 400. ఇప్పుడు ఒక మనిషి వంతుకి నలభై గ్రాముల బేడలు, డెబ్బై ఐదు గ్రాముల తోటకూర వేసి పప్పు చేశారనుకోండి. ఆ ఒక్క గంటె పప్పులోనే 850 దాకా వచ్చేస్తుంది, అంటే రెండు అరటిపండ్లకి పైనే. పైగా పొటాషియం వేడికి చెడిపోయేది కాదు, నీళ్ళలోకి జారిపోయేది. పప్పులో నీళ్ళు పారబోయం కాబట్టి ఉన్నదంతా కంచంలోకే వస్తుంది. ఆకుకూర విడిగా ఉడికించి, పిండేసి, పసరు నీళ్ళు తొట్టిలో పోసి తాలింపు వేసేవాళ్ళు మాత్రం చాలా భాగం తొట్టికే ఇచ్చేస్తున్నారు. ఆకుని కోశాక కడగడం కాదు, కడిగాక కోయాలి. నీళ్ళు ఉడికేటప్పుడే ఇగిరిపోయేటంత పోయాలి.

ఉలవలు ఉడికించిన కట్టు కూడా అంతే. ఆ నల్లటి నీళ్ళలో చాలా సారం దిగి ఉంటుంది, దాన్నే చారు పెట్టుకుంటాం. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఇంతకంటే చౌక టానిక్ లేదు.

సంగటి తినేవాళ్ళకి ఇంకో లాభం. రాగిపిండి వంద గ్రాముల్లో 400 పైచిలుకు, జొన్నపిండిలో 350 దాకా పొటాషియం ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో వంద దగ్గరే ఆగిపోతుంది. మన తాతల కంచానికీ మన కంచానికీ తేడా ఎక్కడొచ్చిందో ఈ అంకెలే చెబుతున్నాయి. సంగటి పక్కన వేసుకునే చెనిక్కాయల ఊరిబిండి కూడా తక్కువది కాదు, వంద గ్రాముల చెనిక్కాయల్లో 650కి పైన ఉంటుంది. కాకపోతే ఎవరూ వంద గ్రాములు తినరు, తినకూడదు కూడా. గుప్పెడు ఉడకబెట్టిన చెనిక్కాయలు సాయంత్రానికి సరిపోతాయి.

పోల్చి చూద్దాం. పొద్దున ఉగ్గాణి (బొరుగుల ఉప్మా), రెండు మిరపకాయ బజ్జీలు. మధ్యాహ్నం చిత్రాన్నం, పలచటి రసం, ఊరగాయ. రాత్రి ఇడ్లీ, చట్నీ. కడుపు నిండుతుంది, నోటికీ బాగుంటుంది. కానీ పొటాషియం రోజు లెక్కలో సగం కూడా రాదు, ఉప్పు మాత్రం దండిగా వస్తుంది. బొరుగులు చేసేది కూడా బియ్యంతోనే, వాటిలోనూ పొటాషియం తక్కువే. ఉగ్గాణి మానేయమని నేను అనను, కర్నూల్లో ఉంటూ అంత మాట అనలేను. వారానికి రెండు పూటలకి కుదించండి, అందులో టమోటా, ఎర్రగడ్డలు రెండింతలు చేయండి, పక్కన బజ్జీ బదులు ఒక జామకాయ పెట్టుకోండి.

దాని పక్కన ఇంకో రోజు పెట్టండి. పొద్దున రాగి జావ, గ్లాసు మజ్జిగతో: 350. మధ్యాహ్నం అన్నం, తోటకూర పప్పు, పెరుగు: 1,100. సాయంత్రం ఒక అరటిపండు, గుప్పెడు చెనిక్కాయలు: 600. రాత్రి రెండు జొన్న రొట్టెలు, వంకాయ కూరో ఉర్లగడ్డ కూరో: 700 దాకా. మధ్యలో ఒక జామకాయ: 400. టమోటా, చింతపండు, ఎర్రగడ్డ, టీలో పాలు కలిపి ఇంకో మూడు వందలు. ఇక్కడే మూడున్నర వేలకి దగ్గరకొచ్చేశాం, ఒక్క వస్తువు కూడా ఆన్‌లైన్‌లో తెప్పించకుండా. గెనుసుగడ్డలు దొరికే రోజుల్లో అరటిపండు బదులు ఉడికించిన గడ్డ తినండి. కోడూరు బొప్పాయి, అనంతపురం చీనీ, కర్బూజ, దానిమ్మ ఏవైనా సరే, కాలానికి దొరికింది తినండి. పండ్ల విషయంలో ఇదా అదా అని లెక్కలు వేయక్కర్లేదు.

టెంకాయ నీళ్ళ గురించి ఒక మాట. లేత కాయలో 500 నుంచి 600 మిల్లీగ్రాములు పొటాషియం ఉంటుంది, సోడియం మాత్రం తక్కువ. అంటే ఎండదెబ్బకి ఉప్పు పోయినవాడికి టెంకాయ నీళ్ళొక్కటే సరిపోదు. మామూలు మనిషికి రోజుకొకటి మంచిదే.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి ఇదే కంచం తిరగేసి చదవాలి

పైన మంచిదని చెప్పినవన్నీ మీకు కొలత పెట్టి తినాల్సినవి. టెంకాయ నీళ్ళు, ఉలవచారు, మునగాకు పొడి, పొద్దున్నే తాగే ఆకుకూరల జ్యూసులు డాక్టరు ఒప్పుకుంటే తప్ప వద్దు. ఆసుపత్రిలో ఉన్న డయాలసిస్ పేషెంటుని చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ప్రేమగా టెంకాయలు తీసుకెళ్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి.

కూరగాయల్ని చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వండితే పొటాషియం తగ్గుతుంది. ఉర్లగడ్డ, గెనుసుగడ్డ లాంటివి ఇలా చేసినా కొద్దిగానే తినాలి. ఎవరికి ఎంత అన్నది వాళ్ళ రిపోర్టును బట్టి మారుతుంది, కాబట్టి డయాలసిస్ సెంటర్లో డైటీషియన్ ఉంటే ఒక పూట కూర్చుని రాయించుకోండి.

ఉప్పు ప్యాకెట్ మార్చేముందు వెనక చదవండి

“సోడియం తక్కువ” అని అమ్మే ఉప్పుల్లో తగ్గించిన సోడియం స్థానంలో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ఇది మంచి మార్పే. చైనాలో ఆరు వందల ఊళ్ళలో ఇరవై వేల మందికి పైగా జనంతో చేసిన పెద్ద అధ్యయనం 2021లో వచ్చింది. మూడొంతులు మామూలు ఉప్పు, ఒక వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు వాడినవాళ్ళలో పక్షవాతం 14 శాతం తగ్గింది. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇలాంటి ఉప్పు వాడమని సూచించింది. అయితే పిల్లలకీ, గర్భిణులకీ, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకీ ఆ సూచన వర్తించదని అందులోనే ఉంది. ఇంట్లో ఒక్క కిడ్నీ పేషెంటున్నా వంటింటి ఉప్పు డబ్బా మార్చకండి, కుండ ఒకటే కదా. టెల్మిసార్టన్ లాంటివి వాడేవాళ్ళు డాక్టరుని అడిగాక మార్చండి.

సైంధవ లవణంలో పొటాషియం ఉంటుందని గులాబీ రంగు ఉప్పు కొనేవాళ్ళకి: అది దాదాపు మొత్తం మామూలు ఉప్పే. పొటాషియం పేరుకి మాత్రమే ఉంటుంది.

మందు రాస్తే, సీసా మీద ఏం చదవాలి

మాటల్లో అన్నీ “పొటాషియం”, సీసాల్లో మాత్రం రకాలున్నాయి. మూత్రం మాత్రల వల్లో, వాంతులు విరేచనాల వల్లో తగ్గితే డాక్టరు రాసేది సాధారణంగా పొటాషియం క్లోరైడ్. ఎందుకంటే అప్పుడు క్లోరైడ్ కూడా పోయి ఉంటుంది, రెండూ తిరిగి రావాలి. పొటాషియం సిట్రేట్ ఎక్కువగా కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళకి రాస్తారు. అది మూత్రంలోని పులుపు తగ్గించి, కొన్ని రకాల రాళ్ళు మళ్ళీ పుట్టకుండా చూస్తుంది. ఒకదాని బదులు ఒకటి ఇచ్చే సరుకు కాదు. మూత్రం మంటకి అందరూ అడిగి కొనుక్కునే తియ్యటి సిరప్ ఒకటుంది, డైసోడియం హైడ్రోజన్ సిట్రేట్. పేరులో సిట్రేట్ ఉంది కదా అని అది పొటాషియం అనుకుంటారు. అందులో ఉన్నది సోడియం, బీపీ ఉన్నవాళ్ళకి అదీ మంచిది కాదు.

ఇప్పుడు అంకె. క్లోరైడ్ సిరప్ లేబుల్ మీద తరచుగా “15 మి.లీ.లో పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు” అని ఉంటుంది. దాని పక్కనే 20 మిల్లీ ఈక్వివలెంట్లు అని ఉంటుంది. 1.5 గ్రాములన్నది మొత్తం పొటాషియం క్లోరైడ్ బరువు. అందులో అచ్చమైన పొటాషియం సగానికి కాస్త పైన, అంటే సుమారు 780 మిల్లీగ్రాములు. 600 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి మింగితే ఒంటికి చేరేది 315 దాకా. డాక్టరు చీటీలో మిల్లీ ఈక్వివలెంట్లలో రాసి, సీసా మీద గ్రాముల్లో ఉంటే తికమకపడకండి. ఒక మిల్లీ ఈక్వివలెంట్ అంటే 39 మిల్లీగ్రాముల పొటాషియం. లెక్క తేలకపోతే షాపులో ఫార్మసిస్టుని పిలిచి మూతతో ఎన్ని మి.లీ. పోయాలో కొలిపించుకోండి. వంటింటి చెంచాతో కొలవద్దు, ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు.

ఆన్‌లైన్‌లో విదేశీ సీసాలు వస్తున్నాయి, పొటాషియం గ్లూకోనేట్ అని, మాత్రకి 99 మిల్లీగ్రాములు. వందల రూపాయలు పెట్టి కొని తెచ్చి చూపిస్తారు. నాలుగు మాత్రలు మింగితే ఒక అరటిపండు. ఆరోగ్యంగా ఉన్నవాడికి దీనివల్ల ఒరిగేదేం లేదు, కిడ్నీ బాగాలేనివాడికి ఎందుకొచ్చిన ముప్పు.

తాగేటప్పుడు, మింగేటప్పుడు

క్లోరైడ్ సిరప్‌ని సీసా నుంచి నేరుగా గొంతులో పోసుకోకూడదు. ఉప్పగా, చేదుగా ఉండడం ఒక ఎత్తు, కడుపులో మంట, వాంతి అవుతాయి. మూత కొలతని అర గ్లాసుకి తగ్గకుండా నీళ్ళలో కలిపి, తిన్నాక, ఐదు పది నిమిషాలు గుక్క గుక్కగా తాగండి. పిల్లలకైతే డాక్టరు చెప్పిన కొలత తప్ప సొంత లెక్క వేయొద్దు.

మాత్ర అయితే తిన్న తర్వాత, కూర్చుని, నిండు గ్లాసు నీళ్ళతో మింగాలి. నమలకూడదు, పొడి చేయకూడదు, ఎందుకంటే అది నెమ్మదిగా కరిగేలా చేసిన మాత్ర. ఒకేచోట కరిగితే పేగుకి పుండు పడుతుంది. మింగి వెంటనే పడుకోకండి. గొంతులో మాత్రలు అడ్డుపడే పెద్దవాళ్ళకి సిరప్ రాయమని డాక్టరుని ముందే అడగండి.

ఎన్ని రోజులు? చీటీలో ఎన్ని రోజులని ఉందో అన్నే. పొటాషియం టానిక్ కాదు, సీసా అయిపోయిందని ఇంకోటి కొనేది కాదు. మొదలుపెట్టిన వారం లోపే సాధారణంగా మళ్ళీ రక్త పరీక్ష చేయిస్తారు. ఎప్పుడు రమ్మన్నారో చీటీ వెనక రాసుకోండి. మూత్రం మాత్ర ఆపేసినప్పుడు దానికి తోడుగా రాసిన పొటాషియాన్ని కూడా ఆపాలా అని తప్పక అడగండి. మూత్రం మాత్ర ఆగిపోయి పొటాషియం ఒక్కటే నెలల తరబడి సాగే ఇళ్ళు ఉన్నాయి.

ఊళ్ళో నీరసానికి సెలైన్ పెట్టించుకోవడం మనకి అలవాటు. ఆ సీసాలో “కొంచెం పొటాషియం కూడా ఎక్కించు” అని ఎవరినీ అడగొద్దు, ఎవరైనా ఎక్కిస్తామన్నా ఒప్పుకోవద్దు. పొటాషియం క్లోరైడ్ ఇంజెక్షన్‌ని బాగా పలచన చేసి, గంటల తరబడి నెమ్మదిగా, గుండెని చూస్తూ ఎక్కించాలి. నేరుగా నరానికి ఇస్తే ప్రాణం పోతుంది. అది ఆసుపత్రి మంచం మీద జరగాల్సిన పని.

కాళ్ళు చచ్చుబడినట్టయినా, గుండె లయ తప్పి కళ్ళు తిరిగినా, మూత్రం దాదాపు ఆగిపోయినా 108కి ఫోన్ చేయండి. కర్నూలు పెద్దాసుపత్రికైనా కడప రిమ్స్‌కైనా వెళ్ళేటప్పుడు ఒక కవరులో ఇవి వేసుకోండి: వాడుతున్న అన్ని మాత్రల షీట్లు, నొప్పి బిళ్ళలతో సహా, పాత క్రియాటినిన్ రిపోర్టు, పొటాషియం సిరప్ సీసా, వంటింట్లో సోడియం తక్కువ ఉప్పు వాడుతుంటే దాని ప్యాకెట్. ఆయుర్వేదం పొడులు, జ్యూసులు ఏమైనా తాగుతుంటే అదీ చెప్పండి, డాక్టరు అడగకపోయినా.